జత తప్పిన గెలాక్సీలు: వీక్ లెన్సింగ్ కొలతలో ఒక కేస్ స్టడీ

కొలిచే కోడ్ సరిగ్గానే ఉంది, అయినా జవాబు రెండు శాతం దాకా తక్కువొస్తోంది. ఇంకో కట్ (ఏ గెలాక్సీని ఉంచాలి, దేన్ని వదలాలి అని తేల్చే షరతు) పెట్టగానే ఆ తేడా దాదాపు మాయమైపోతోంది. మొదటిదాని కంటే ఈ రెండోదే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. విశాఖలో మా కాలేజీ ఎంఎస్సీ ఫిజిక్స్ పిల్లలిద్దరితో చేయించిన ప్రాజెక్టులో ఎదురైన కేసు ఇది. పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు గెలాక్సీని ఎలా కొలవాలా అని తల బద్దలు కొట్టుకుంటారు గానీ, సగటు కట్టే జాబితాలోకి ఏ గెలాక్సీ వచ్చింది, ఏది రాలేదు అన్నది అంతగా పట్టించుకోరు.

ముందు విషయం కాస్త చెప్పాలి. దూరపు గెలాక్సీ నుంచి బయల్దేరిన వెలుగు మన దాకా వచ్చే దారిలో బోలెడంత పదార్థం అడ్డొస్తుంది, అందులో ఎక్కువ భాగం కంటికి కనబడని డార్క్ మ్యాటర్. దాని గురుత్వానికి వెలుగు దారి కొద్దిగా వంగుతుంది, దాంతో గెలాక్సీ బొమ్మ ఏదో ఒక దిక్కుకి కొంచెం సాగుతుంది. ఆ సాగుదలని షియర్ అంటాం, దాన్ని కొలిచే పనే వీక్ లెన్సింగ్. అది మామూలుగా ఒక శాతం, మహా అయితే రెండు. చిక్కేమిటంటే గెలాక్సీలు పుట్టుకతోనే గుండ్రంగా ఉండవు, కొన్ని కోలగా, కొన్ని అంచు తిరిగిన పళ్ళెంలా కనిపిస్తాయి, ఆ సొంత ఆకారాల తేడా ఒక్కో దిశలో 0.25 పైచిలుకు ఉంటుంది. అంటే మనకి కావలసిన సంకేతానికి పది ఇరవై రెట్లు. కాబట్టి ఒక్క గెలాక్సీని చూసి ఏమీ చెప్పలేం, లక్షలు కోట్లు కొలిచి సగటు కట్టాలి. సొంత ఆకారాలు అన్ని దిక్కులకీ ఉంటాయి గనక సగటులో కొట్టుకుపోతాయి, అందరికీ ఉమ్మడిగా ఉన్న సాగుదల మాత్రం మిగులుతుంది. 2000లో నాలుగు బృందాలు ఎవరికి వాళ్ళు ఆకాశంలో ఈ కాస్మిక్ షియర్‌ని మొదటిసారి పట్టుకున్నాయి. ఆ తర్వాత లెక్క ఎక్కడికో పోయింది. చిలీలో 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోప్‌తో నడిచిన డార్క్ ఎనర్జీ సర్వే మొదటి మూడేళ్ళ డేటాలోనే 4,143 చదరపు డిగ్రీల మేర సుమారు 10 కోట్ల గెలాక్సీల ఆకారాలు కొలిచింది.

గెలాక్సీలు పెరిగేకొద్దీ యాదృచ్ఛిక దోషం తగ్గిపోతుంది. మిగిలేది ఒక పక్కకే లాగే దోషం, దాన్ని ఎన్ని కోట్ల గెలాక్సీలు పోసినా తగ్గించలేం. దీన్ని మేం రెండు అక్షరాలతో రాసుకుంటాం, ఎం, సి. కొలిచిన షియర్ అంటే అసలు షియర్‌ని (1 + ఎం) తో గుణించి సి కలపగా వచ్చింది. సి ఉంటే షియర్ లేని చోట కూడా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ దాన్ని పట్టుకునే దారులు చాలా ఉన్నాయి. ఎం అలా కాదు, మొత్తం సంకేతాన్ని ఒకే పాళ్ళలో పెంచేస్తుంది లేదా తగ్గించేస్తుంది. ఆకాశం వైపు చూసి దాన్ని కనిపెట్టడం చాలా కష్టం, ఎందుకంటే అసలు జవాబు ఎవరికీ తెలీదు. 8.4 మీటర్ల అద్దం, 320 కోట్ల పిక్సెళ్ళ కెమెరాతో 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసిన రూబిన్ అబ్జర్వేటరీ సర్వేకి ఎం దాదాపు 0.003 లోపు తెలిసుండాలి, 2023 జూలై 1న పైకి వెళ్ళిన యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోప్‌కి 0.002 లోపు. మా పిల్లలకి వచ్చిన రెండు శాతం అంటే 0.02. అర్థమైంది కదా, టెన్షన్ ఎందుకో.

జవాబు ముందే తెలిసిన ఆకాశం కావాలంటే మనమే తయారు చేసుకోవాలి, సిమ్యులేషన్‌తో. విశాఖలో కూర్చుని ఇలాంటి పని చేయడానికి సిమ్యులేషనే దిక్కు కూడా. సముద్రమట్టానికి ఇంత దగ్గర్లో, ఈ తేమలో, హార్బర్ దీపాలూ స్టీల్ ప్లాంట్ వెలుగూ కలిసి రాత్రి మబ్బుని కాషాయం రంగులోకి తిప్పే ఊళ్ళో పైకి చూసి కొలవడానికి ఏముంటుంది. కానీ గాల్‌సిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పైథాన్ వచ్చినవాళ్ళెవరైనా వాడొచ్చు. గెలాక్సీ ఆకారం ఇస్తే, దానికి షియర్ పూసి, వాతావరణం, టెలిస్కోప్ కలిసి చేసే మసకతో కలిపి, పిక్సెళ్ళుగా కోసి, నాయిస్ చల్లి ఇస్తుంది. ఆ మసకనే పీఎస్ఎఫ్ అంటాం. నక్షత్రం నిజానికి ఒక చుక్క, అది కెమెరాలో ఎంత మచ్చగా పడిందో అదే పీఎస్ఎఫ్.

మేం పెట్టుకున్న లెక్కలు రూబిన్‌ని పోలినవి, పిక్సెల్ 0.2 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను), పీఎస్ఎఫ్ వెడల్పు 0.7 ఆర్క్ సెకన్లు. అందరికీ ఒకే షియర్, ఒకే దిక్కులో, 0.02. గెలాక్సీల వెలుగూ సైజూ మాత్రం మసక చిన్నవాటి నుంచి స్పష్టంగా కనిపించే పెద్దవాటి దాకా రకరకాలుగా.

ఇక్కడో లెక్క. 0.02 షియర్‌ని 0.003 పాళ్ళలో కచ్చితంగా కొలవాలంటే దోషం 0.00006 ఉండాలి. ఒక్కో గెలాక్సీ సొంత ఆకారం 0.25 మేర అటూ ఇటూ ఉంటే, వర్గమూలం లెక్కన 1.7 కోట్లకు పైగా గెలాక్సీలు కావాలి. మా ల్యాబ్ డెస్క్‌టాప్ మీద, మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌మంటూ మొత్తుకునే చోట, అది జరిగే పని కాదు. అందుకే ఈ రంగంలో అందరూ వాడే ఒక ఉపాయం వాడాం. ప్రతి గెలాక్సీని షియర్ పూయకముందే 90 డిగ్రీలు తిప్పి దానికో జత చేస్తాం, తర్వాత రెండింటికీ అదే షియర్ పూస్తాం. ఒకటి తూర్పు పడమరలకి కోలగా ఉంటే రెండోది ఉత్తర దక్షిణాలకి కోలగా ఉంటుంది. రెండింటి సగటు తీస్తే సొంత ఆకారం అక్కడికక్కడే చెల్లిపోతుంది, ఇక మిగిలేది పిక్సెల్ నాయిస్ ఒక్కటే. కోట్లు కావలసిన చోట లక్షలతో పని అవుతుంది.

కొలిచే పద్ధతి మెటాకాలిబ్రేషన్. 2017లో హఫ్, మాండెల్‌బామ్, షెల్డన్‌ల పేపర్లతో వచ్చింది, డార్క్ ఎనర్జీ సర్వే వాడింది. దాని ఆలోచన నాకు భలే ఇష్టం. నీ కొలత షియర్‌కి ఎంత స్పందిస్తుందో సిద్ధాంతంలో వెతక్కు, ఆ గెలాక్సీ బొమ్మనే తీసుకుని, పీఎస్ఎఫ్‌ని విప్పేసి, కృత్రిమంగా 0.01 షియర్ పూసి, కాస్త వెడల్పు పీఎస్ఎఫ్‌తో మళ్ళీ మసకబార్చి, మళ్ళీ కొలువు. తర్వాత మైనస్ 0.01తో అదే చెయ్యి. రెండు జవాబుల తేడాని 0.02తో భాగిస్తే ఆ గెలాక్సీ స్పందన వచ్చేస్తుంది. నీ కొలత గొప్పది కాకపోయినా ఫర్వాలేదు, దాని స్పందన తెలిస్తే చాలు. సగటు ఎలిప్టిసిటీని (గెలాక్సీ ఎంత కోలగా, ఏ దిక్కుకి ఉందో చెప్పే అంకెని) సగటు స్పందనతో భాగిస్తే షియర్.

కట్‌లేవీ లేకుండా మొత్తం గెలాక్సీలని నడిపితే ఎం సున్నా దగ్గరే ఉంది, దోషం గీతల (ఎర్రర్ బార్ల) లోపలే. పిల్లలు సంబరపడ్డారు. నేనూ సరే అనుకున్నాను. ఆ తర్వాత నిజం సర్వేల్లో పెట్టే కట్‌లు పెట్టమన్నాను. సిగ్నల్ టు నాయిస్ (గెలాక్సీ వెలుగు నాయిస్‌కి ఎన్ని రెట్లుందో ఆ అంకె) పదికి పైన ఉన్నవే ఉంచాలి, అంతకన్నా మసకవాటిని నమ్మలేం. ఆ ఒక్క కట్‌తోనే షియర్ సుమారు రెండు శాతం తక్కువొచ్చింది. గాజువాక నుంచి వచ్చే అమ్మాయి కోడ్ మొత్తం మళ్ళీ చదివింది, ఎక్కడా ఏమీ లేదు. తర్వాత సైజు కట్ కూడా పెట్టారు, గెలాక్సీ సైజు పీఎస్ఎఫ్ సైజులో సగానికి పైన ఉండాలని. (సైజు అని ఇక్కడ నేను అంటున్నది అడ్డం పొడుగు వర్గాల మొత్తాన్ని.) రెండు కట్‌లూ కలిపి పెట్టేసరికి ఎం మళ్ళీ సున్నా దగ్గరికి వచ్చేసింది.

ఇలాంటప్పుడు చాలామంది 'హమ్మయ్య' అనుకుని రిపోర్టు రాసేస్తారు. ఒక దోషం ఉన్నట్టుండి పోయిందంటే ఎందుకు పోయిందో తెలిసేదాకా అది పోలేదనే లెక్క. నాయిస్ మార్చి చూడమన్నాను, ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చినట్టు నాయిస్ తగ్గించి, అవే గెలాక్సీలు, అవే కట్‌లు. ఈసారి షియర్ తక్కువ కాదు, ఎక్కువొచ్చింది.

ఆధారం దొరికింది మాత్రం అనకాపల్లి నుంచి వచ్చే కుర్రాడికి. జతలు సరిచూస్తుంటే కొన్నింటికి తోడు లేదు. 'మేడమ్, జతలో ఒకటుండి ఇంకోటి లేనివి కొన్ని తగులుతున్నాయి, ఏటి చెయ్యమంటారు, తీసెయ్యమంటారా?' అన్నాడు. తీసెయ్యొద్దు, విడిగా ఒక ఫైల్లో పెట్టు, వాటి ఒక్కటే సగటు కట్టి చూడు అన్నాను. సిగ్నల్ టు నాయిస్ కట్ ఒక్కటే పెట్టినప్పుడు ఒంటరిగా మిగిలిన వాటి సగటు ఎలిప్టిసిటీ షియర్‌కి అడ్డంగా ఉంది, అదీ చాలా స్పష్టంగా. సైజు కట్ ఒక్కటే పెట్టినప్పుడు మిగిలిన ఒంటరివి మాత్రం షియర్ దిక్కుకే తిరిగున్నాయి.

ఎందుకలా అన్నది కాగితం మీద ఒక్క జతతో తేల్చేయొచ్చు, పెద్ద గణితం కూడా అక్కర్లేదు. గెలాక్సీనీ పీఎస్ఎఫ్‌నీ గాసియన్లు, అంటే మధ్యలో మెరిసి అంచులకి మెల్లగా తగ్గిపోయే మచ్చలు అనుకుందాం. గెలాక్సీ పొడుగు వెడల్పుకి రెండింతలు, దాని విస్తీర్ణం పీఎస్ఎఫ్ అంత. పొడుగు వర్గం 2, వెడల్పు వర్గం 0.5, మొత్తం 2.5. ఇప్పుడు 0.02 షియర్ పూయండి. షియర్ దిక్కుకే కోలగా ఉన్న గెలాక్సీ ఇంకా సాగుతుంది, మొత్తం 2.56 అవుతుంది. అడ్డంగా ఉన్న దాని జత కాస్త గుండ్రబడుతుంది, మొత్తం 2.44. విస్తీర్ణం మారకుండానే సైజు కొలత ఒకదానికి పెరిగింది, ఇంకోదానికి తగ్గింది, మధ్యలో తేడా ఐదు శాతం.

ఇప్పుడు సిగ్నల్ టు నాయిస్ చూడండి. పీఎస్ఎఫ్‌తో కలిశాక వెలుగు ఎంత చోట్లో పరుచుకుందన్నది దీన్ని తేలుస్తుంది. అంతే వెలుగు ఎక్కువ చోట్లో పరుచుకుంటే ఎక్కువ పిక్సెళ్ళ నాయిస్ లోపలికొస్తుంది. పీఎస్ఎఫ్ గుండ్రటిది కాబట్టి, సన్నగా సాగిన గెలాక్సీని అది పక్కలకి బాగా ఉబ్బిస్తుంది, గుండ్రంగా ఉన్నదాన్ని అంతగా ఉబ్బించదు. షియర్ లేనప్పుడు రెండూ సరిగ్గా 10 దగ్గర ఉన్నాయనుకుంటే, షియర్ పూశాక మొదటిది 9.97కి దిగుతుంది, జతది 10.03కి ఎక్కుతుంది. గీత 10 దగ్గర గీశాం. ఒకటి బయట, ఒకటి లోపల.

పోలీస్ సెలక్షన్‌లో ఎత్తు కొలిచేటప్పుడు గీత దగ్గరున్న కుర్రాళ్ళలో మడమ కాస్త లేపినవాడు లోపలికీ, అణిగిమణిగి నిలబడ్డవాడు బయటికీ పోయినట్టే ఇదీ. పొడుగ్గా ఉన్నవాళ్ళ విషయంలో అది లెక్కలోకే రాదు, గీత దగ్గరి గుంపే మొత్తం సగటుని పక్కకి లాగుతుంది. మసక గెలాక్సీలు సర్వేలో అన్నిటికంటే ఎక్కువ కాబట్టి గీత దగ్గర గుంపెప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది.

అందుకే సిగ్నల్ టు నాయిస్ కట్ షియర్‌కి అడ్డంగా ఉన్నవాటిని ఇష్టపడుతుంది, జవాబు తగ్గుతుంది. సైజు కట్ షియర్ వెంట ఉన్నవాటిని ఇష్టపడుతుంది, జవాబు పెరుగుతుంది. మేం మొదట పెట్టుకున్న నాయిస్‌లో రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అదృష్టమో దురదృష్టమో. నాయిస్ తగ్గించగానే మొదటి కట్ దగ్గర గుంపు పలచబడింది, రెండోది అలాగే ఉంది, తేడా బయటపడింది. కోడ్ ఒక్కో గెలాక్సీని కొలవడంలో ఎక్కడా తప్పులేదు. గెలాక్సీని ఎంచుకోవడం అనేదే ఒక కొలత, దానికీ ఒక స్పందన ఉంది, దాన్ని మేం ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

కుర్రాడు అడిగినట్టు తోడు లేనివాటిని తీసేసి ఉంటే? జతలన్నీ పూర్తిగా ఉండేవి, ఎం చక్కగా సున్నా వచ్చేది, సిమ్యులేషన్ పాసయ్యేది. అసలు ఆకాశంలో మాత్రం ఏ గెలాక్సీకీ 90 డిగ్రీలు తిప్పిన జత ఉండదు కదా, అక్కడ అవన్నీ ఒంటరివే. పరీక్షకి వాడిన ఉపాయమే సమస్యని దాచేసేది. ఇది నేను చూసిన కొన్ని థీసిస్‌లలో కూడా ఉంది, పేర్లు అనవసరం.

పరిష్కారం మెటాకాలిబ్రేషన్‌లోనే ఉంది, మేం దాన్ని సగమే వాడుతున్నాం అంతే. ప్రతి గెలాక్సీకి ఐదు రకాలు తయారవుతాయి, షియర్ పూయనిది, రెండు దిక్కుల్లో ప్లస్, మైనస్. కట్‌ని షియర్ పూయని దాని మీద మాత్రమే కాకుండా, ప్లస్ బొమ్మలో కొలిచిన సిగ్నల్ టు నాయిస్, సైజులతో ఒకసారి పెట్టాలి, మైనస్ బొమ్మలో కొలిచినవాటితో మళ్ళీ పెట్టాలి. రెండు జాబితాలొస్తాయి. గీత దగ్గరివి కొన్ని ఒకదాంట్లో ఉంటాయి, ఇంకోదాంట్లో ఉండవు. ఆ రెండు జాబితాల్లోని గెలాక్సీలకి షియర్ పూయని బొమ్మలో కొలిచిన ఎలిప్టిసిటీల సగటులు తీసి, తేడాని 0.02తో భాగిస్తే, అది ఎంపిక స్పందన. దాన్ని మామూలు స్పందనకి కలిపి, ఆ మొత్తంతో భాగించాలి. కోడ్‌లో ఇది పట్టుమని పది లైన్లు కూడా కాదు. అది కలిపాక మొదటి కట్ విడిగా, రెండో కట్ విడిగా, రెండూ కలిపి, నాయిస్ ఎక్కువగా, తక్కువగా, ఎలా నడిపినా ఎం దోషం గీతల లోపలే నిలబడింది. తోడు లేనివి అలాగే ఉన్నాయి, వాటిని ఎవరూ తీయలేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కట్ పెట్టే ప్రతి రాశినీ ఆ ఐదు బొమ్మల్లోనూ విడివిడిగా కొలిచి ఉండాలి. వేరే ఏదో క్యాటలాగ్ నుంచి తెచ్చిన వెలుగు విలువతో కట్ పెట్టారనుకోండి, ఆ విలువ షియర్‌తో ఎలా మారుతుందో మెటాకాలిబ్రేషన్‌కి తెలీదు, ఆ దోషం అలాగే ఉండిపోతుంది. గెలాక్సీలని దూరాన్ని బట్టి విభజించడం కూడా ఒక ఎంపికే, అందుకే డార్క్ ఎనర్జీ సర్వేలో రంగుల కోసం వెలుగుని కూడా ఐదు రకాల బొమ్మల్లోనూ కొలిచారు.

పీఎస్ఎఫ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, దాని మీద రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మా సిమ్యులేషన్‌లో పీఎస్ఎఫ్ మాకు కచ్చితంగా తెలుసు, నిజం ఆకాశంలో నక్షత్రాలని చూసి ఊహించుకోవాలి. గెలాక్సీ సైజు పీఎస్ఎఫ్ అంత ఉంటే, పీఎస్ఎఫ్ సైజుని ఒక శాతం ఎక్కువ అంచనా వేస్తే షియర్ సుమారు ఒక శాతం ఎక్కువొస్తుంది, గెలాక్సీ సైజు పీఎస్ఎఫ్‌లో సగమైతే రెండు శాతం. సైజు కట్ ఎందుకు పెడతారో దీన్ని బట్టే తెలుస్తుంది. ఇక కెమెరాలో వెలుగుని పట్టే సీసీడీ చిప్‌లో ఒక పిక్సెల్‌లో ఎలక్ట్రాన్లు పోగైతే అవి కొత్తగా వచ్చేవాటిని పక్క పిక్సెళ్ళలోకి నెట్టేస్తాయి, అందుకే బాగా మెరిసే నక్షత్రాలు ఉన్నదానికంటే లావుగా పడతాయి. వాటితో పీఎస్ఎఫ్ కడితే అది లావైపోతుంది, షియర్ పెరిగిపోతుంది. సర్వేల్లో దీన్ని పిక్సెళ్ళ స్థాయిలోనే సరిచేస్తారు, మరీ మెరిసే నక్షత్రాలని పీఎస్ఎఫ్ లెక్కలోంచి తప్పిస్తారు.

మా కేసు ఇంకా అందుకోలేనిది ఒకటుంది, అదే పెద్దది. మేం ప్రతి గెలాక్సీని విడి బొమ్మగా గీశాం, పక్కన ఇంకెవరూ లేరు. హవాయిలో 8.2 మీటర్ల సుబారు టెలిస్కోప్‌తో తీసిన హెచ్ఎస్‌సీ సర్వే చిత్రాల్లో సగానికి పైగా వస్తువులు పక్కవాటితో కలిసిపోయి ఉంటాయి. అక్కడ అసలు ఎంపిక మనం పెట్టే కట్‌ల దగ్గర మొదలవదు, ఇక్కడ ఉన్నది ఒక గెలాక్సీయా రెండా అని సాఫ్ట్‌వేర్ తేల్చే దగ్గరే మొదలవుతుంది. షియర్ ఒక పక్కకుంటే రెండు గెలాక్సీలు కాస్త విడివడి రెండుగా లెక్కకొస్తాయి, ఇంకో పక్కకుంటే దగ్గరై ఒక్కటిగా కలిసిపోతాయి. గుర్తించిన తర్వాత ఒక్కో గెలాక్సీ బొమ్మకి షియర్ పూసే మెటాకాలిబ్రేషన్‌కి ఇది కనపడనే కనపడదు. డార్క్ ఎనర్జీ సర్వే మూడేళ్ళ డేటాకి చేసిన పెద్ద సిమ్యులేషన్లలో సుమారు రెండు శాతం లోటు తేలింది, దానికి ముఖ్య కారణం ఈ కలిసిపోవడమే. దీనికోసమే 2020లో మెటాడిటెక్షన్ వచ్చింది, అందులో ఒక్కో గెలాక్సీకి కాక మొత్తం బొమ్మకి షియర్ పూసి, గుర్తించే పనిని ఐదుసార్లూ మొదటి నుంచి చేస్తారు. అయినా కలిసిపోయిన రెండింటిలో ఒకటి దగ్గరిది, ఒకటి దూరానిది అయితే రెండింటి షియర్లూ వేరు, దానికి మాత్రం మళ్ళీ సిమ్యులేషనే శరణ్యం.

ఆ పని పిల్లలు మొదలుపెట్టారు. గెలాక్సీలని ఒకే ఫ్రేమ్‌లో గుంపుగా పోసేసరికి 90 డిగ్రీల జత ఉపాయం ఉన్నదున్నట్టు కుదరలేదు. ఒక్క గెలాక్సీని తిప్పితే దాని పక్కది ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, అప్పుడు కలిసిపోయిన తీరే మారిపోతుంది, జత జత కాకుండా పోతుంది. అందుకని ఇప్పుడు మొత్తం ఫ్రేమ్‌ని, గెలాక్సీల చోట్లతో సహా, తిప్పి రెండో ఫ్రేమ్ చేస్తున్నారు. దాంతో పాటు అదే ఫ్రేమ్‌ని అదే నాయిస్‌తో ప్లస్ 0.02, మైనస్ 0.02 షియర్లతో రెండుసార్లు గీసి తేడా తీస్తున్నారు, అలా చేస్తే సొంత ఆకారాలతో పాటు నాయిస్ కూడా చాలావరకు చెల్లిపోతుంది. ఫ్రేమ్‌ల మధ్య ఎవరికి ఎవరు జతో సరిచూడటం మానేశారు, ఒక ఫ్రేమ్‌లో రెండుగా కనిపించినవి ఇంకో ఫ్రేమ్‌లో ఒకటిగా వస్తుంటే ఏది దేనికి జతని చెప్తాం. ఫ్రేమ్ సగటుని ఫ్రేమ్ సగటుతోనే పోలుస్తున్నారు.